మేపుల్ పాఠానికి తేదీ

వెర్మాంట్,
ఫిబ్రవరి 20

వెండెల్ బాబుకు,

మీ శిక్షణ తరగతుల్లో మూడు రోజులూ వెనక బల్ల మీద స్వెటర్ అల్లుకున్న లూసిల్ టీచర్‌ని. ముప్పై ఆరేళ్ళుగా సైన్సు పాఠం చెప్పాను, ఇప్పుడు చెప్పకూడదన్నారు. కొత్త ప్రమాణాల ప్రకారం టీచరు ఒక వింత చూపించాలి, పిల్లలే ప్రశ్నలడిగి, ఆధారాలు వెతికి, జవాబు తేల్చుకోవాలి. సరే. మేపుల్ చెట్టుకు గొట్టం దించి బకెట్ తగిలిస్తాను. తీపి నీరు ఎందుకు కారుతుందో వాళ్ళే తేలుస్తారు. తేదీ: కారినప్పుడు.

ఇట్లు,
లూసిల్ తిబో

తా.క. శిక్షణలో పెట్టిన సూపు దేనితో చేశారో మా బల్ల వాళ్ళం ఆధారాలతో తేల్చలేకపోయాం.

ఫిబ్రవరి 24

లూసిల్ టీచర్ గారికి నమస్కారాలు.

పాఠం బాగుంది. కానీ తేదీ గడిలో 'కారినప్పుడు' అని రాస్తే కంప్యూటర్ తీసుకోవడం లేదు. మార్చి పదిలోగా నేను పాఠం చూసి ఆమోదించకపోతే, మీ తరగతికి సైన్సు ఇక వీడియో పాఠాలుగా తెర మీదే వస్తుంది. ఇది పైవాళ్ళ నిర్ణయం.

విధేయుడు,
వెండెల్ ప్రెస్కాట్

తా.క. ఆ సూపు సంగతి నాకూ తెలియదు.

ఫిబ్రవరి 27

బాబూ,

రాత్రి గడ్డకట్టి, పగలు కరిగితేనే చెట్టు కారుతుంది. అది దాని ఇష్టం. నా చిన్నప్పుడు ఆ రోజు వచ్చిందంటే బడికి ఎవరూ వెళ్ళేవాళ్ళం కాదు, టీచరమ్మతో సహా. నాన్న పాకలో ఆ చెట్టు నీరు చిక్కటి పాకమయ్యేదాకా మరిగిస్తుంటే ఆవిరికి నా జడలు జిగటగా అయిపోయేవి. వేడి పాకం మంచు మీద పోసుకు తిని, మొహం మొత్తితే పుల్లటి దోసకాయ ఊరగాయ కొరికి, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఇప్పుడు నాన్నా లేడు, పాకా లేదు. నా పదకొండుమంది పిల్లలకు సీసాలో పాకం తప్ప తెలియదు. తెర మీద ఆ వాసన ఎలా వస్తుంది? నాకు బెంగగా ఉంది. మార్చి 9 అని వేసుకోండి.

లూసిల్

తా.క. చెట్టుకు కూడా చెప్పాను. తల ఊపలేదు.

మార్చి 2

టీచర్ గారికి,

తొమ్మిదిన వస్తున్నాను. ఒక్కటే మనవి: ఆ రోజు వింత జరిగి తీరాలి.

వెండెల్

తా.క. ఊరగాయ ఉంటుందా?

మార్చి 9

బాబూ,

బకెట్ నిండా నీరు మీ కళ్ళతో చూశారుగా. మరి ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయారేం? ఆమోదం పంపండి.

లూసిల్

తా.క. ఊరగాయ మూడుసార్లు వడ్డించుకున్నారు. అది కూడా ఆధారమే.

మార్చి 11

లూసిల్ టీచర్ గారికి,

నేను కారెక్కుతుంటే మీ తరగతి పిల్ల డెల్ఫీన్ ఒక కాగితం చేతిలో పెట్టింది. అందులో ఇలా ఉంది: "గొట్టం కొన గడ్డకట్టి ఉంది. వారమంతా మంచు కరగలేదు. అయినా బకెట్ నిండింది. రుచి చూస్తే మా ఇంటి సీసా పాకంలా ఉంది. చెట్టు దాకా మా టీచర్ బూట్ల అడుగులున్నాయి. పోసింది మా టీచరే. మేం తెర ముందు కూర్చోవడం ఆవిడకి ఇష్టం లేదు. మాకూ లేదు."

ఈ ఏడాది ఇరవై ఏడు పాఠాలు చూశాను. పిల్లలు నిజంగా ఆధారాలు వెతికి జవాబు తేల్చింది ఇదొక్కదాంట్లోనే. నిన్ననే, గడువులోగా ఆమోదించాను.

మీ
వెండెల్

తా.క. ఈ సంగతి మీకు చెప్పనని పదకొండుమందీ నా చేత ఒట్టు వేయించుకున్నారు, మీరు చిన్నబుచ్చుకుంటారట. రేపు తరగతిలో ఏమీ తెలియనట్టే ఉండండి.