రోగి వేషం కట్టిన వదినకి

సుగుణ వదినా,

ఎలా ఉన్నావని అడిగే వీలు లేదు కదా... అందుకని నా సంగతులే చెబుతాను. నువ్వు వెళ్ళిపోయి రెండేళ్ళ మూడు నెలలైంది. సరోజినీ నగర్‌లో రోడ్లన్నీ తవ్వి పారేశారు, ఎప్పుడో జరగబోయే ఆటల కోసమట. మార్కెట్‌కి వెళ్ళాలంటే గోతులు దాటుకుంటూ పోవాలి. నువ్వుంటే చెప్పులు చేత్తో పట్టుకునైనా వెళ్ళేదానివి. బేరం కుదరకపోతే ఆ దుకాణం వాణ్ణి అచ్చ తెలుగులో తిట్టి, మళ్ళీ వాడికే నవ్వుతూ దండం పెట్టి వచ్చేదానివి.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఒకే గోడకి అటు నువ్వు, ఇటు నేను. ఎనిమిదేళ్ళు అలా ఉన్నవాళ్ళం, ఉత్తరాలెందుకు రాసుకుంటాం? గోడ మీద తడితే చాలు కదా... కానీ ఆ గోడ గురించే రాయాలి ఇవాళ.

నా ఉద్యోగాన్ని నువ్వు ఎగతాళి చేయని రోజు లేదు. "దెబ్బలు తిన్నవాళ్ళ గురించి ఏసీ హాల్లో కూర్చుని పనీర్ తింటారే మీరు" అనేదానివి. నాకు కోపం వచ్చేది, ఎందుకంటే అది నిజం. ఆడవాళ్ళ మీద జరిగే హింసకి మా ఆఫీసులో ఇంగ్లీషులో మూడక్షరాల పేరుంది. ఫైళ్ళ మీద, బ్యానర్ల మీద, చివరికి టీ కప్పుల మీద కూడా ఆ మూడక్షరాలే. ఏయే దేశాల నుంచో ఆరోగ్య నిపుణులు వచ్చి మాట్లాడతారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఇక్కడి ఆసుపత్రుల నర్సులకి ఆ పాఠం చెప్పడం నా పని. గాయంతో వచ్చిన ఆడమనిషితో ఎలా మాట్లాడాలి? ముందు భర్తని బయట కూర్చోబెట్టాలి. తలుపు వేయాలి. తొందరపెట్టకూడదు. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, ఇంట్లో మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా అని. హిందీలో ఆ ప్రశ్న రాసింది నేనే. భయపెట్టకుండా, సిగ్గుపడేలా చేయకుండా ఉండాలని ఎన్నిసార్లు కొట్టేసి రాశానో నీకు తెలుసు. నీ ముందే చదివి వినిపించాను కూడా.

ఆ రోజు గుర్తుందా? రోల్ ప్లేలో రోగి వేషం వేయాల్సిన అమ్మాయికి జ్వరం వచ్చింది. నలభై మంది నర్సులు హాల్లో కూర్చున్నారు. నాకు నువ్వు గుర్తొచ్చావు. తెలుగు సంఘం ఉగాది నాటకంలో గయ్యాళి అత్తగా నువ్వు కొంగు దోపుకుని వస్తే ఎంత నవ్వామో! ఫోన్ చేస్తే గంటలో ఆటో దిగావు, నీలం చీర కట్టుకుని.

నీకొక కాగితం ఇచ్చాను. పేరు కమల, వయసు ముప్ఫై రెండు, మణికట్టు బెణికింది, బాత్రూంలో జారిపడ్డానని చెబుతుంది. అంతే ఉంది దాంట్లో. నువ్వు ఒకసారి చదివి మడిచి ఒళ్ళో పెట్టుకున్నావు. ఎదురుగా కూర్చున్న సిస్టర్ బీనా పాఠం ప్రకారం ప్రశ్న అడిగింది. నువ్వు ఒళ్ళోని కాగితాన్ని ఇంకో మడత పెట్టావు. డైలాగ్ మరిచిపోయావేమోనని నేను కంగారుపడ్డాను. తర్వాత నీ వచ్చీరాని హిందీలో మెల్లిగా చెప్పావు. ముందు టీవీ సౌండ్ పెంచుతాడు. తర్వాత వాచీ తీసి ఫ్రిజ్ మీద పెడతాడు, పగలకుండా. ఆ తర్వాతే లేస్తాడు.

నా కాగితంలో టీవీ లేదు. వాచీ లేదు.

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే వదినా. ఆ రోజు ఫీడ్‌బ్యాక్ కాగితం మీద నీ పేరు పక్కన "చాలా సహజంగా ఉంది" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆటోలో ఇంటికొస్తూ, ఆ వాచీ సంగతి ఎలా తట్టింది నీకు అని అడిగాను. నువ్వు బయటికి చూస్తూ, "నాటకాలాడే దాన్ని కదే, తడతాయి" అన్నావు. నేను నవ్వాను. నర్సులకి నేను ఏం చెబుతానో తెలుసా? ఆమె ముఖం తిప్పుకుంటే ఆగండి, అక్కడే ఏదో ఉంది అని చెబుతాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను.

అసలు నాకు తెలియదా? ఇన్నాళ్ళుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. గోడ అవతల టీవీ సౌండ్ పెరిగినప్పుడల్లా, క్రికెట్ వస్తున్నట్టుంది అని మా ఆయనతో అనేదాన్ని. క్రికెట్ లేని రోజుల్లో కూడా అలాగే అన్నాను. తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా జాగ్రత్తపడటం వేరు. నేను రెండోదే చేశాను.

ఎందుకు చేశానో కూడా చెబుతాను, దాచడం దేనికి? ప్రసాద్ అన్నయ్య నాకు మంచివాడు. మా కాకినాడ ఇంట్లో రాఖీ కట్టే అలవాటే లేదు. ఢిల్లీకి వచ్చిన మొదటి ఏడాది మా క్వార్టర్ల లైన్‌లో ఆడవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని తిరుగుతుంటే, అన్నదమ్ములు లేని నేను బిక్కమొహం వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. నీ భర్త వచ్చి చెయ్యి చాపి, కట్టమ్మా అన్నాడు. మా అమ్మ కంటి ఆపరేషన్‌కి వస్తే సెలవు పెట్టి తెల్లారకముందే ఆసుపత్రి లైన్లో నిలబడ్డాడు. అలాంటి మనిషిని ఎలా అనుమానించను అనుకున్నాను. మంచివాళ్ళలా కనిపించేవాళ్ళే చేస్తారని నలభై మందికి పాఠం చెప్పే దాన్ని, నా ఇంటి పక్కకి వచ్చేసరికి ఆ పాఠం పనికిరాలేదు. వాచీ తీసి ఫ్రిజ్ మీద పెట్టేవాడన్నావు. నేను కట్టిన రాఖీ కూడా తీసి పక్కన పెట్టేవాడా వదినా? లేక దాంతోనే...

నువ్వు పోయిన ఆ మే నెలలో నీళ్ళు పైకి ఎక్కడం లేదు. కింద నుంచి బకెట్ మోసుకొస్తూ మెట్ల మీద జారిందన్నాడు అన్నయ్య. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు, కళ్ళు తెరవలేదు. పోలీసులు వచ్చి ఇరుగుపొరుగుని అడిగారు. నన్నూ అడిగారు. నాకేమీ వినపడలేదండీ, మంచి కుటుంబం అని చెప్పాను. రాసుకుని చూపిస్తే సంతకం పెట్టాను. నువ్వు వెళ్ళిన అయిదారు నెలలకి గృహహింస మీద కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దాని మీద శిక్షణ ఇచ్చింది కూడా నేనే. నాకు మంచి పేరు వచ్చింది.

ఇదంతా మోస్తూనే బతికేసేదాన్నేమో. పోయిన నెలలో సిస్టర్ బీనా మళ్ళీ కనిపించింది. పాత బ్యాచ్ నర్సులకి పాఠం మరోసారి చెప్పే శిక్షణ అది. టీ దగ్గర నా పక్కకి వచ్చి, ఆ రోజు తనకి ఎన్ని మార్కులు వచ్చాయని సిగ్గుపడుతూ అడిగింది. ఏ రోజు అన్నాను. మీరు పంపిన నీలం చీర పేషెంట్ వచ్చిన రోజు మేడమ్ అంది.

నీకు తెలుసు కదా, శిక్షణ అయ్యాక నర్సులు పాఠం గుర్తుపెట్టుకున్నారో లేదో చూడటానికి, చెప్పకుండా ఉత్తుత్తి రోగుల్ని పంపిస్తామని హాల్లో చెప్పాను. నువ్వూ విన్నావు. కానీ అప్పటికి మేమింకా ఎవరినీ పంపలేదు వదినా. ఒక్కరిని కూడా.

నువ్వు పోవడానికి మూడు వారాల ముందట. అన్నయ్యతో కలిసి బీనా వాళ్ళ ఆసుపత్రికి వచ్చి, పక్కటెముకల్లో నొప్పి, జారిపడ్డాను అన్నావట. బీనా నిన్ను చూడగానే గుర్తుపట్టింది, మేడమ్ పరీక్ష పెట్టారు అనుకుంది. అంతా పాఠం ప్రకారం చేసింది. అన్నయ్యని బయట కూర్చోబెట్టింది. తలుపు వేసింది. ప్రశ్న అడిగింది. నువ్వు అవునని తల ఊపావట, ఏడ్చావట. ఎంత బాగా నటిస్తోంది అనుకుందట ఆమె. కాగితం మీద అన్ని గళ్ళూ నింపి, సాయం కోసం ఫోన్ చేయమని నంబరున్న చీటీ నీ చేతిలో పెట్టి, చివర్లో గొంతు తగ్గించి అడిగిందట... బాగా చేశానా దీదీ, మేడమ్‌కి చెబుతారా అని.

నువ్వు చీటీ మడిచి, "బహుత్ అచ్ఛా కియా సిస్టర్, చెబుతాను" అన్నావట. ఎక్స్‌రే తీయలేదు. బెడ్ ఇవ్వలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. నువ్వు లేచి వెళ్ళి స్కూటర్ ఎక్కావు.

బీనాకి నిజం చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, తెలియదు. ఆ రోజు నింపిన గళ్ళన్నీ ఒక్కొక్కటే పైకి చెప్పుకుంది. ఆమె తప్పేముంది? ఎదురుగా ఏడుస్తున్న మనిషి నటి అయి ఉండొచ్చని ఆమెకి నేర్పింది నేనే కదా.

నువ్వు అన్న మాట ప్రకారం చెప్పడానికి వచ్చావు కూడా. అది ఇప్పుడు గుర్తొస్తోంది. మర్నాడు పొద్దున గోంగూర పచ్చడి గిన్నెతో మా గుమ్మంలో నిలబడ్డావు. నేను ఏదో మీటింగ్‌కి బ్యాంకాక్ వెళ్ళడానికి పెట్టె సర్దుకుంటున్నాను. "నీ సిస్టర్లు బాగా నేర్చుకున్నారే లలితా" అన్నావు. మెచ్చుకుంటున్నావనుకున్నాను. థాంక్యూ వదినా అన్నాను, పెట్టెలోంచి తలెత్తకుండా. "అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ..." అని ఏదో అనబోయి ఆగిపోయావు. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయావు. పచ్చడి చాలా బాగుంది. ఆ మాట చెప్పడానికి కూడా మీ ఇంటికి రాలేదు.

ఇక అసలు సంగతి.

ఈసారి రాఖీ పండక్కి అన్నయ్య తలుపు తడితే, ఒంట్లో బాగాలేదని లోపలి నుంచే చెప్పి పంపేశాను. నా ధైర్యం అంతవరకే. ఆ మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం, గోడ అవతల టీవీ సౌండ్ పెరిగింది. లేచి పేపర్ తిరగేశాను, క్రికెట్ ఉందేమోనని. ఇంకా వెతుకుతూనే ఉన్నాను చూడు, ఏదో ఒక మ్యాచ్ దొరక్కపోతుందా అని! లేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే కదా, ఆయనా, నీ కూతురు హారికా. లేచి వెళ్ళి తలుపు కొట్టాను. చేతికి దొరికిన ఖాళీ గిన్నె పట్టుకుని, చక్కెర కావాలన్నాను. సౌండ్ తగ్గింది. అన్నయ్య నవ్వుతూ చక్కెర పోశాడు. ఫ్రిజ్ మీద వాచీ ఉంది.

సోమవారం ఆయన ఆఫీసుకి వెళ్ళాక హారిక స్కూల్ నుంచి వచ్చేదాకా కిటికీలో కాపలా కాశాను. పదకొండో తరగతికి వచ్చింది, అచ్చం నీ నడకే. లోపలికి పిలిచి కూర్చోబెట్టి తలుపు వేశాను. అప్పుడు తెలిసింది, ఆ ప్రశ్న నా దగ్గర తెలుగులో లేదు. హిందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఇన్నేళ్ళలో తెలుగులో ఒక్కసారీ ఎవరినీ అడగలేదు. చివరికి, నాన్న నిన్ను కొడుతున్నారా అమ్మా అన్నాను. ఎంత చిన్న మాట వదినా! ఇంత చిన్నదా?

నీకు తెలుసుగా, హారికకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ హిందీలోనే ఇస్తుంది. ఆ రోజు మాత్రం తెలుగులో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. నువ్వు చెప్పి పెట్టావట దానికి. "లలిత ఆంటీ ఎప్పుడో అడుగుతుంది. అది దాని పనే. అడిగినప్పుడు దాచకుండా చెప్పు."

చెప్పి, యూనిఫాం చెయ్యి పైకి మడిచి చూపించింది.

నా కోసం ఎదురుచూశావన్నమాట. గోడ అవతల, అన్నేళ్ళూ... నన్ను నమ్మి ఎదురుచూశావు. నువ్వు తిట్టినా భరించేదాన్ని వదినా, ఈ నమ్మకాన్ని భరించలేకపోతున్నాను.

హారిక నిన్నటి నుంచి మా ఇంట్లోనే ఉంది. అన్నయ్య వచ్చి రెండుసార్లు పిలిచాడు. మా ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, కదల్లేదు. హారిక ఇప్పుడు ముందు గదిలో కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. చదవడం లేదు, నేనేం రాస్తున్నానా అని చూస్తోంది.

రేపు పది గంటలకి, ఆ కొత్త చట్టం కింద పెట్టిన రక్షణాధికారి దగ్గరికి వెళ్తున్నాం. ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. సమాచారం ఇచ్చింది ఎవరు అని ఒక గడి ఉంటుంది. పక్కింటివాళ్ళు కూడా ఇవ్వొచ్చని శిక్షణలో ప్రతిసారీ చెబుతాను. అక్కడ నా పేరు రాస్తాను. అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, రెండేళ్ళ కింద నేను సంతకం పెట్టింది అబద్ధమని, నాకు అన్నీ వినపడ్డాయని రాసిస్తాను. దాని వల్ల ఏమవుతుందో, అసలు తీసుకుంటారో లేదో తెలియదు. నా ఉద్యోగం ఏమవుతుందో కూడా తెలియదు. వాళ్ళు అడగకపోయినా చెబుతాను.

నీ గోంగూర గిన్నె ఇంకా నా దగ్గరే ఉంది. హారికకి ఇవాళ అందులోనే అన్నం కలిపి పెట్టాను.

చాలా ఆలస్యంగా అడిగిన,
నీ లలిత