దేవకమ్మ పేరున్న మాస్కును మా బిడ్డ ముఖం మీద నుంచి తీయించుట గురించి

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, శ్రీకాళహస్తి వాస్తవ్యుడు, కలంకారీ పనివాడు ఏకాంబరం సమర్పించుకొను అర్జీ.

విషయం: ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, వాడిన ఎన్95 మాస్కులను స్పిరిట్‌లో ముంచి నర్సులకు మళ్లీ ఇచ్చుటను నిలిపివేయించుట.

అయ్యా,

1. నా భార్య దేవకమ్మ సదరు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ, రెండో విడత కరోనాలో కాలధర్మం చెందినది. అప్పుడు మాస్కులకు కరువు. వాడినవే స్పిరిట్‌లో ముంచి, ఆరబెట్టి పంచేవారు. పెన్నుతో రాసిన పేర్లు చెరిగి ఒకరిది ఒకరికి పోతుంటే, నేనే గుడ్డపేలిక మీద కలంకారీ నల్లరంగుతో ఆమె పేరు రాసి మాస్కు పట్టీకి కుట్టితిని. ఆ రంగు ఉడకబెట్టినా పోదు.

2. సెలవు పెట్టమని ఎంతో బతిమాలితిని. "స్పిరిట్‌లో ముంచినాక పురుగూ పుట్రా యాడుంటాది? ఊరికే బెదరొద్దు" అని నవ్వి వెళ్లినది.

3. ఇప్పుడు మా కూతురు భానుప్రియకు అదే ఆసుపత్రిలో, క్షయ రోగుల వార్డులో ఉద్యోగం. మొన్న స్టోరులో మిగిలిన పాత మాస్కులు బయటికి తీశారు. వాటిలో వాళ్లమ్మది ఈమెకు దొరికినది. సాయంత్రం అది పెట్టుకునే ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడినది. కళ్లు మాత్రమే కనిపించాయి. నా నోట "దేవకీ" అని వచ్చేసినది. "ఆఁ" అని పలికినది. అయ్యా, ఆనాటి నుంచి ఆమె వచ్చే వేళకు నేను గుమ్మం వైపు చూడకుండా పెరట్లోకి పోతున్నాను.

4. హెడ్ నర్సు నిర్మలమ్మ గారిని అడిగితే, "మళ్లా స్పిరిట్‌లో ముంచి తీసినామప్పా, కొత్తవాటి మాదిరే ఉండాయి" అన్నారు. పెద్దాసుపత్రి డాక్టరు నవీన గారు వేరే చెప్పారు. తలదువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగినట్లు, మాస్కు నడిమి పొర సన్నటి తుంపరలను లాగి పట్టుకుంటుందట. స్పిరిట్ తగిలితే క్రిములు చచ్చినా ఆ లాగే గుణం పోతుందట. చూస్తే ఏమీ తెలియదట. దేవకి అందువల్లే పోయినదని నేను రుజువు చేయలేను. కాదని ఎవరూ నాతో అనలేకపోతున్నారు.

5. కొత్త మాస్కులు కొని ఇస్తే బిడ్డ బీరువాలో పెట్టినది. "అమ్మ పేరుండాది నాయనా, నేనెట్ల పారేసేది? ఇది పెట్టుకుంటే అమ్మ పక్కన ఉన్నట్టుండాది" అంటున్నది.

కావున ఆ పాత మాస్కులన్నీ కాల్పించి, కొత్తవి ఇప్పించి, భానుప్రియ పేరున విడిగా ఒక ఉత్తర్వు పంపవలెనని ప్రార్థన. ఈ కన్నతండ్రి మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఏకాంబరం

తా.క. సార్, ఉత్తర్వు రావడానికి టైము పడితే ముందు మా బిడ్డకు ఒక ఫోన్ చేసి దానిని గట్టిగా తిట్టండి. నెంబరు వెనకవైపు రాసినాను. నా మాట వినదు సార్. వాళ్లమ్మా వినలేదు.