గోడకు బదులు పెద్ద కారు

నవంబరు 12, బుధవారం

కోపం ఇంకా దిగని తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ కబుర్లు అమ్మ చెబుతూనే ఉంది. మనిద్దరి మధ్య రాయబారాలు మోసి విసిగిపోయింది, అందుకే నేనే రాస్తున్నాను. చించేయకుండా చదువు.

నువ్వు డిజైన్ చేసిన చిన్న కారు, మా పరీక్షా కేంద్రంలో గోడను గుద్దే పరీక్షలో భద్రతకు ఐదు స్టార్లు తెచ్చుకుంది. కాదనను. కానీ గోడను గుద్దడమంటే తనంత బరువున్న కారే ఎదురైనట్టు. రోడ్డు మీద రెట్టింపు బరువున్న బండి రావచ్చు కదా! అందుకే గోడకు బదులు పెద్ద కారుతో గుద్దించాను. నీ కారు మూడు స్టార్లకు పడిపోయింది, నువ్వు నాతో మాటలు మానేశావు. ఆ ఐదు స్టార్లు చూసి పిల్లల్ని ఎక్కించుకునే తల్లికి ఈ సంగతి తెలియాలా, వద్దా? ఇప్పటికీ అదే అంటాను. మూతి ముడుచుకుంటే ముడుచుకో.

ఇప్పుడు మా దగ్గర రూలు మారింది. ఎదుటి కారును నుజ్జునుజ్జు చేస్తే పెద్ద కారుకు కూడా స్టార్లు కోస్తాం. పెద్ద కార్లవాళ్లు మొదట లబోదిబోమన్నారు. తర్వాత దారికొచ్చి, ముందు భాగాన్ని కిందికి దించి, కాస్త మెత్తగా చేసి కొత్త బండి పంపారు.

నిన్న దాన్ని నీ కారుతో గుద్దించాం. లోపల కూర్చోబెట్టే బొమ్మకు ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియడానికి మొహానికీ మోకాళ్లకూ రంగు పూస్తాం. ఈసారి ఆ పని ఎవరికీ ఇవ్వలేదు, నేనే పూశాను. గుద్దిన చప్పుడు వినగానే పరుగెత్తాను. వెళ్లి నీ కారు తలుపు లాగితే సులువుగా తెరుచుకుంది. మోకాళ్ల రంగు చెదరనే లేదు. మొహం రంగు ఎయిర్‌బ్యాగుకు తప్ప ఇంకెక్కడా అంటలేదు. ఒరేయ్, అందరి ముందూ ఏడ్చేశానురా.

నీ కారుకు నాలుగు స్టార్లు. ఐదోది ఎక్కడ పోయిందో వచ్చి నీ కళ్లతో చూసుకో. బండిని కదపొద్దని మావాళ్లకు చెప్పాను.

నీ మొండిఘటం,
అక్క

తా.క.: పెద్ద కార్లకూ కోత పెట్టాలన్నది నా బుర్రలో పుట్టిందనుకునేవు. కాదు. ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు, దెబ్బలు తిన్నవాడికి శిక్ష వేసి కొట్టినవాణ్ణి ఊరికే వదిలేస్తావా అని అరిచావు చూడు, ఆ మాటే కమిటీలో చెప్పాను. ఎవరన్నారని అడిగితే మా తమ్ముడని గర్వంగా చెప్పాను. దాని తర్వాత నన్ను తిట్టిన తిట్లు మాత్రం చెప్పలేదు.