ముందు గోడ మీద పదకొండు రంగులు

డిసెంబర్ 14, ఆదివారం, ఉదయం 11.15

గడువు ఈ రోజుతో ముగిసింది. ఇంటికి రంగు పడలేదు. పుట్టీ పెట్టిన చోట తెల్లగా, పెట్టని చోట పాతగా, కట్లు కట్టిన రోగిలా ఉంది. ముందు గోడ మీద మాత్రం పదకొండు కొత్త రంగులున్నాయి, ఒక్కొక్కటి పుస్తకమంత. పెయింటర్ మౌలా తొమ్మిదింటికి వచ్చి, పదిన్నరకు నిచ్చెన మోపెడ్‌కు కట్టుకుని వెళ్ళిపోయాడు. నేను చర్చికి వెళ్ళలేదు. కూర్చుని వెనక పేజీలు చదివాను.

డిసెంబర్ 1, సోమవారం, ఉదయం 6.10

తీర్మానం! ఇరవయ్యో తేదీకి నా భార్య రెజీనా పోయి ఏడాది. ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నాం. అరవై మంది వస్తారు. సముద్రపు గాలికి గోడలన్నీ ఉప్పు తేలి పెచ్చులూడుతున్నాయి. ఈ గోడల మధ్య ఆమె ఫోటో పెట్టలేను.

1. పద్నాలుగో తేదీకి రంగు పూర్తి.
2. రంగు నేనే ఎంచుతాను.
3. ఎవరినీ సలహా అడగను.

ఇరవై ఎనిమిదేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. ఒక రంగు ఎంచలేనా!

9.40. కోవూరు నుంచి మౌలా వచ్చాడు. డాక్టరు వీపు తట్టినట్టు గోడలు తట్టి చూశాడు. గీకాలి, పుట్టీ పెట్టాలి, ప్రైమర్ కొట్టాలి, ఆపైన రంగు. ఏ రంగని అడిగాడు. లేత నీలం అన్నాను. అని, కాసేపు ఆగాను.

"మీ ఇష్టం సార్" అన్నాడు.

ఎందుకు ఆగానో తెలియదు.

డిసెంబర్ 4, గురువారం

గీకడం పూర్తయింది. మౌలా ముందు గోడ మీద లేత నీలం కొంచెం వేసి చూపించాడు. బాగుంది. అయినా పక్కన మీగడ రంగు కూడా వేయమన్నాను. అదీ బాగుంది. ఏది మేలని అడగలేదు. "నీకెలా ఉంది?" అని మాత్రం అడిగాను. అది సలహా కిందికి రాదు. రెండూ బాగున్నాయన్నాడు.

డిసెంబర్ 6, శనివారం

వాన. గోడ తడి. తప్పు నాది కాదు, అల్పపీడనానిది.

రోజంతా షేడ్ కార్డు చదివాను. తెలుపులే నలభై మూడు. ఒక తెలుపు పేరు 'వేకువ నిట్టూర్పు'. నా విద్యార్థి ఎవడైనా రికార్డులో అలా రాసి ఉంటే పేజీ చింపేసేవాణ్ణి.

డిసెంబర్ 8, సోమవారం

ఎండ వచ్చింది. గోడ మీద ఆరు రంగులు.

మూడో నియమం రద్దు. పక్కింటి ప్రమీలమ్మను అడిగాను. రెజీనాతో కరివేపాకు రెమ్మ దగ్గర నుంచి దేవుని వాక్యం దాకా వాదించిన మనిషి. ఆరు రంగులూ చూసి, మీ మనసుకు ఏది నచ్చితే అది వేయించుకోండి అన్నయ్యా, అని కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం పాస్టర్ జడ్సన్ గారు ప్రార్థన సంగతి మాట్లాడడానికి వచ్చారు. పరీక్షగా, ఇల్లంతా వంకాయ రంగు వేయిద్దామనుకుంటున్నానని చెప్పాను. చాలా గంభీరంగా ఉంటుందన్నారు.

భార్య పోయినవాడికి ఎవరూ అడ్డు చెప్పరు. ఏడాదిగా ఇదే వరస.

డిసెంబర్ 10, బుధవారం

ఈ ఇంటికి ఇదివరకు ఆరుసార్లు రంగు వేయించాం. ఒక్కసారీ నా మాట నెగ్గలేదని అనుకునేవాణ్ణి. గులాబి అన్నాను. కాన్పుల ఆసుపత్రా, వద్దు అంది రెజీనా. పసుపు అన్నాను. రైల్వే క్వార్టర్సా, వద్దు. బూడిద రంగు అన్నాను. గోడౌనా, వద్దు. వద్దన్నవి పోగా మిగిలింది వేయించేవాళ్ళం. రెండు నిమిషాల పని.

ఆ పద్ధతిలో సగమే నాకు వచ్చు.

రంగులు: ఎనిమిది.

డిసెంబర్ 12, శుక్రవారం

స్కూటర్ ఆపి ఒకాయన లోపలికి వచ్చాడు. పై వరసలో మూడోది ఇరవై లీటర్లు ఎంతని అడిగాడు. ఇది పెయింట్ షాపు కాదు, ఇల్లు అన్నాను. ఏమీ అనుకోకుండా దాన్ని ఫోటో తీసుకున్నాడు. కొడవలూరులో ఇల్లు కడుతున్నాడట. నా గోడ చూసి నిమిషంలో రంగు ఎంచుకుని వెళ్ళాడు. అసూయ కలిగింది.

పని లేక మౌలా గేటుకు రంగు వేశాడు. తర్వాత కిటికీ గ్రిల్లుకు. మధ్యాహ్నం చూస్తే తన నిచ్చెనకు వేసుకుంటున్నాడు.

రంగులు: పది. మళ్ళీ వాన వచ్చేలా ఉంది. వస్తే బాగుండు.

డిసెంబర్ 14, ఆదివారం, సాయంత్రం 5

ఉదయం జరిగింది కూడా రాయాలి.

గడువు రోజు కదా అని తేల్చేశాను. పదకొండోది. జడ్సన్ గారి దగ్గర పరీక్షకు పెట్టిన వంకాయ రంగు. గోడ మీద కొంచెం వేయించి, ఇదే, లోపలా బయటా, అన్నాను. మౌలా బ్రష్షు నీళ్ళలో పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"వద్దు సార్."

ఎందుకని అడిగాను.

"ఎందుకేంది సార్? అమ్మ కోసం జనం వచ్చేది. వాళ్ళని వంకాయ పచ్చడిలో కూర్చోబెడతారా? బాధలో ఉండారు గదా అని పద్నాలుగు దినాలు నోరు మూసుకోనుండా. ఇంక నా వల్ల గాదు. ఈ రంగు నేను ఎయ్యను. కావాలంటే ఇంకొకర్ని పిలుచుకోండి."

నా ఇల్లు, నా ఇష్టం అన్నాను, గట్టిగానే. అందుకే వెళ్ళిపోయాడు.

పావుగంట కోపంగా ఉన్నాను. తర్వాత ఆకలేసింది. పొద్దుటి ఇడ్లీలు ఆరూ తిన్నాను. ఈ ఇంట్లో నన్ను ఒకరు కోప్పడి ఏడాదయింది.

మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ప్రార్థనకు ఇంకా ఆరు రోజులున్నాయి. రెండు పూతలు వేసి ఆరబెట్టడానికి నాలుగు చాలు. తీర్మానం మళ్ళీ మొదలు. రెండో నియమం కొట్టేశాను.

రేపు ఉదయం ఏడింటికి ఆటోలో కోవూరు వెళ్తాను. మౌలాకు క్షమాపణ చెబుతాను. చెప్పి, నారింజ రంగు వేయమంటాను. వద్దంటాడు. అక్కణ్ణుంచి మొదలుపెడతాం.