మామయ్య బావి పచ్చబడిన వైనం

నరసరావుపేట, హాస్టల్ గది,
శనివారం.

పూజ్యులూ, కోపిష్టులూ, నా ఫీజులు కట్టిన పాపానికి ఇది చదవక తప్పనివారూ అయిన గోపాలకృష్ణయ్య మామయ్యకు,

మేనల్లుడు వెంకట సాయి సాష్టాంగపడి రాయునది. ముందుగా నా సకల అపరాధాలనూ మన్నించాలి. ఈ ఏడు వానలు ఆలస్యమైనందుకు, పత్తి ధర పడిపోయినందుకు, అత్తయ్య సీరియల్ చూసే వేళకే కరెంటు పోతున్నందుకు, మన నల్లగేదె చూలు నిలవనందుకు సిగ్గుతో తల దించుకుంటున్నాను. ఫోన్ చేస్తే మొదటి మాటకే పెట్టేస్తారని ఉత్తరం రాస్తున్నాను. దీన్ని చింపినా అత్తయ్య అతికించి చదివి వినిపిస్తుంది.

మీ పాత సున్నపురాయి క్వారీ గుంతను చెత్త పోసుకోవడానికి ఇస్తానని కాంట్రాక్టరుకు మాటిచ్చిన రోజు గుర్తుందా? నేను వద్దంటే మీరు నవ్వారు.

"ఒరేయ్ సాయీ, చేలో పోస్తే మట్టి పాడవుద్ది. రాయికేం అవుద్దిరా? మన గేదెల కుడితి తొట్టి నాపరాయే గదా, ఏనాడన్నా కారిందా?"

"తొట్టి అతుకులకు సిమెంటు పూశాం మామయ్యా. కొండ అతుకులకు ఎవరు పూశారు?"

"దేవుడు పూశాళ్లే. పోయి అన్నం తిను."

తిన్నాను. తిని కాలేజీకొచ్చి, మీరు 'మట్టి పిసికే చదువు' అని మురిపెంగా పిలిచే నా ఎం.టెక్. కొనసాగించాను. మన చేలోంచి తెచ్చిన నల్లరేగడిని గాజు గొట్టంలో కూరి, చెత్తకుప్ప అడుగున ఊరే నల్లటి మురుగు దాని మీద పోశాను. రోజులు గడిచినా బొట్టు దిగలేదు. చివరికి దిగిన నీళ్ళను పరీక్షిస్తే మురుగులో ఉన్న సీసం జాడ దాదాపు లేదు. ఉప్పులు కొన్ని జారిపోయాయి గానీ, విషాన్ని మాత్రం మట్టి పట్టేసుకుంది. ఇంటికొచ్చినవాళ్ళను అత్తయ్య భోంచేయకుండా కదలనివ్వనట్టే! నేను ఆ గొట్టం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను మామయ్యా. చిన్నప్పట్నుంచీ కాళ్ళకంటుకుంటే విసుక్కుని కడుక్కున్న మట్టి ఇది. దీనికీ ఒక బలహీనత ఉంది. ఎండాకాలం నెర్రెలిచ్చిందంటే తలుపులన్నీ బార్లా తీసేస్తుంది. వాన పడగానే ఉబ్బి మళ్ళీ మూసుకుంటుంది.

మీ క్వారీ రాయికి అలా మూసుకోవడం తెలియదు. చూడటానికి మీ అంత గట్టిది. దాని పగుళ్ళలో పడిన నీళ్ళు మాత్రం అడిగేవాళ్ళు లేని సంతలో పడ్డట్టు పరుగెత్తుతాయి.

ఇక పోయిన ఆదివారం సంగతి. వారమంతా ముసురు పట్టి తెరిపిచ్చింది. నేను ఇంట్లోనే ఉన్నాను. అత్తయ్య బావిలోంచి చేద లాగి కేకపెట్టింది. "ఏమయ్యో! నీళ్ళు చిలకపచ్చగా వచ్చినయ్!"

మీరు ఒక్కసారి తొంగిచూసి, మరుక్షణంలో తీర్పు చెప్పారు. "ఇది ఆ అంకమ్మరావు పనే. గట్టు తగాదా మనసులో పెట్టుకొని బావిలో రంగు కలిపాడు."

పక్క చేలో ఉన్న అంకమ్మరావు బాబాయ్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది బావా ఆ మాట? నా పిల్లకాయలు తాగేది గూడా ఈ నీళ్ళే గదా. నేనెందుకు పాడు చేసుకుంటా?"

మీరు వినలేదు. స్టేషనుకెళ్ళి ఆయన మీద ఫిర్యాదు ఇచ్చి వచ్చారు.

ఆ గొడవలో నేను బావి ఒరకు ఆనుకుని లోపలికి చూస్తూ ఉండిపోయాను. మీరు "బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావేందిరా" అన్నారు. నిజమే. లోపల, రాతి పొరల మధ్య సన్నని చీలికలోంచి పచ్చటి పాయ ఒకటి దారం వేలాడినట్టు జారుతోంది. ఎండ పడిన చోట మిణుకుమంటోంది. పైన మనం చేలు పంచుకుని, గట్లు వేసుకుని, ఇది నాది అది నీది అని కొట్టుకుంటున్నాం. కింద నీళ్ళకు వాటి వీధులు వాటికున్నాయి. వాటికి మీ గట్టూ తెలియదు, బాబాయ్ గట్టూ తెలియదు. ఏది కనిపించినా జోకు వేసేవాణ్ణి, ఆ రోజు సాయంత్రం దాకా ఒక్క జోకూ వేయలేకపోయాను.

ఆ రంగు భయపడాల్సింది కాదు. భూమిలో నీళ్ళ జాడ పట్టడానికి మా కాలేజీలో పాఠం చెప్పే షెర్లీ మేడమ్ వాడే మందు అది. నాలుగు వానలకు పోతుంది. తర్వాత పోసేవి పోవు.

సోమవారం కాంట్రాక్టరు కాగితాలతో వస్తాడట. ఆయనకంటే ముందు మీరు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. బాబాయ్‌ని ఇంటికి పిలిచి అత్తయ్య చేతి కాఫీ ఇప్పించండి. ఆ తర్వాత సంతకం పెట్టాలో వద్దో మీ ఇష్టం. నేను బతిమాలను.

మొదట్లో క్షమాపణ అడిగిన నేరాల్లో నేను చేసింది ఒక్కటీ లేదు. చేసిన పని ఒక్కటే. ఆ రంగు పోసింది నేనే మామయ్యా. మేడమ్ చెంచాడు చాలంటే గుప్పెడు పోశాను. బావిలో మాత్రం కాదు.

ముసురు పట్టకముందు, కాలువకూ లారీల రోడ్డుకూ అవతల ఉన్న మీ క్వారీ గుంతలో పోశాను.

ఇట్లు,
మీ దెబ్బలకు వీపు సిద్ధం చేసుకున్న
వెంకట సాయి