మేనకోడలి కలానికి రాసిచ్చినది

వకీలు ఆఫీసులో టైపిస్టుగా చేసి మానుకున్న, ఇంట్లోవాళ్లు కథలత్త అని పిలిచే నేను, స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. కళ్లు మసకబారాయి గానీ బుద్ధి మసకబారలేదు. అనుమానం ఉన్నవాళ్లు నాతో ఒక పూట వాదించి చూడవచ్చు. దీని అమలు బాధ్యత మా వకీలు గారిది.

1. పత్రిక సంపాదకుడు గారు మా ఇంట్లో మరిచిపోయిన గొడుగు నా తదనంతరం వారికే చెందవలెను. నా మొదటి కథకు పేరు మార్చి అచ్చువేశారన్న కోపంతో ఇన్నేళ్లూ తిరిగివ్వలేదు. ఆ పేరు నాకిప్పటికీ నచ్చలేదు. గొడుగు మాత్రం మంచిది.

2. నా బల్ల, కుర్చీ, నిఘంటువు, అచ్చుకాని కథలు తమ్ముడి కూతురికి సర్వహక్కులతో దక్కవలెను. ఆ కథలను అచ్చువేయించనక్కర్లేదు, ఎక్కడ చెడ్డాయో చూసుకుంటే చాలు. ఈ పిల్ల కథ రాయడం నా దగ్గర నేర్చుకుంది. మొదట్లో దాని కథల్లో ప్రతివాళ్లూ ఏడ్చేవారు. ఏడుపు చదివేవాళ్లకు వదిలెయ్యవే అన్నాను. వాన వర్ణనతో మొదలుపెడితే, ముందు తడిసిందెవరో చెప్పమన్నాను. మూతి ముడుచుకుని వెళ్లేది, వారం తిరక్కుండా మళ్లీ రాసి తెచ్చేది. నేను కొట్టేసిన చోటల్లా నేను చెప్పినదానికన్నా మంచిది రాసేది. అంత మొండితనం నాకుంటే నేనూ మంచి కథకురాలినయ్యేదాన్ని.

3. ఆ పిల్ల రాసిన ఒక పిసినారి తండ్రి కథ పత్రికలో అచ్చయింది. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించే ఆ తండ్రి, కూతురికి బూట్లు కొన్న రోజున దుకాణంలో తానూ ఒక జత తొడుక్కుని, అద్దం ముందు రెండడుగులు నడిచి, మళ్లీ డబ్బాలో పెట్టేస్తాడు. అంతే, కథ అయిపోతుంది. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. అలాంటి ముగింపు నా జన్మలో రాయలేదు. మా తమ్ముడికి మాత్రం సెలూన్‌లో ఎవరో సబ్బు సంగతి చెప్పి నవ్వారట. కథ చదవకుండానే, ఇంటి గుట్టు రచ్చకెక్కించావంటూ పిల్ల మీద విరుచుకుపడ్డాడు. అప్పటినుంచి అది కలం ముట్టలేదు.

4. కాబట్టి మా కుటుంబంలో ఎవరి గురించైనా, ఉన్నవాళ్లయినా పోయినవాళ్లయినా, కథ రాసుకునే హక్కు నా మేనకోడలికి ఉందని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. నన్ను గయ్యాళిగా రాసినా అభ్యంతరం లేదు. జాలిపడి మంచిదాన్ని చేస్తే మాత్రం ఊరుకోను.

5. తమ్ముడు ఏళ్ల తరబడి అడుగుతున్న వీధి వైపు గది అతనికే చెందవలెను. అయితే పై నాలుగో అంశానికి ఒప్పుకుని అతను ఇక్కడ రెండో సాక్షిగా సంతకం చేసిన పక్షంలో, ఈ వీలునామా సాక్షులకు వాటా లేదు గనుక, ఆ గది పిల్లకు, రాసుకోవడానికి, దక్కవలెను. సంతకం చేయకపోతే నాకు నిష్ఠూరమేమీ లేదు, గది అతనిదే. ఆ చోట ఇంకెవరైనా సంతకం పెడతారు. పిల్ల కథను ఈ కాగితాలకు జతచేశాను. ఒరేయ్ తమ్ముడూ, ఒక్కసారి పూర్తిగా చదువు, ఆ తరవాత నీ ఇష్టం.

టైపు చేసింది నేనే. తప్పులుంటే నావే.

తేదీ: మార్చి పన్నెండు, ఆదివారం

(సంతకం) కథలత్త

సాక్షులు:

1. వకీలు గారి గుమాస్తా

2. పిల్ల తండ్రి. కథ ఆఖరిదాకా చదివాను. గది దానికే ఇవ్వండి. కరెంటు బిల్లు నేను కడతా.