ప్రాణంతో ఎక్కించిన చేప

ఊజింకీ
జూలై 6

ప్రియమైన సిమియోన్‌కు అమ్మ మత్రోనా రాయునది.

నీ ఒంట్లో ఎలా ఉంది? కోడలు అనీసియా నడుంనొప్పి తగ్గిందా? నా మనవరాలు లుకేరియాకు దగ్గు పోయిందా? పడవ ఇంజను ఎలా ఉంది? దానికి జబ్బు చేస్తే మీ ముగ్గురికీ చేసినట్టే. నేను బాగానే ఉన్నాను, మోకాళ్లు తప్ప.

రేడియోలో గాలి అన్న మాట వినపడితే నాకు టీ గొంతు దిగదు. డబ్బిచ్చి నీ పడవెక్కి చేపలు పట్టే ఆ పై ఊళ్లవాళ్లకు సముద్రం సరదా. భయం ఉండాల్సింది నీకే. పెద్ద హాలిబట్ చేప పడితే నీళ్లలో ఉండగానే తుపాకీతో కాల్చు. చచ్చాకే పైకి లాగు. మీ నాన్న ఏనాడూ ప్రాణంతో ఎక్కించలేదు. నవ్వకు.

బెంగతో,
అమ్మ

హోమర్
జూలై 19

ప్రియమైన అమ్మకు,

అందరం క్షేమం. మొన్న పొద్దున సాల్మన్ చేపలు బాగా పడ్డాయి. మధ్యాహ్నం లోతుకు వెళ్లాం. ఒకాయన గాలానికి తలుపంత హాలిబట్ తగిలింది. నేను తుపాకీ తీశాను. "దించవయ్యా బాబూ! తలకు చిల్లుపడ్డ చేపతో ఫోటో దిగితే, బజార్లో కొన్నావంటుంది మా ఆవిడ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ప్రాణంతో అలాగే పైకి లాగించాను. తోకతో ఒక్కటిచ్చింది. కాలికి చిన్న దెబ్బ. "ఎవరు ఎవర్ని పట్టినట్టు కెప్టెన్?" అని మళ్లీ ఆయనే. వారంలో సముద్రం మీద ఉంటాను.

నీ సిమియోన్

ఊజింకీ
ఆగస్టు 2

నా తండ్రీ,

చిన్న దెబ్బంటే నమ్మాను. నిన్న అనీసియా ఆంకరేజ్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఎముక నుగ్గయిందట, చీము మందులకు లొంగలేదట, పద్నాలుగున మోకాలి పైదాకా కాలు తీసేస్తారట. "మీకు చెప్పొద్దన్నాడు అత్తయ్యా" అంది. "చెప్పకపోతే మొలుస్తుందటే?" అని అరిచాను. పాపం, దానిదేం తప్పు.

ఒంటికాలితో ఊగే పడవలో ఎవరూ నిలబడలేరు. నిలబడతావని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ పని తప్ప నీకు ఇంకోటి రాదు. అదీ తెలుసు నాకు.

నువ్వు ఎదురుకాళ్లతో పుట్టావు. నీ మొహం కంటే ముందు మంత్రసాని చేతికొచ్చింది ఆ కాలే. తీసేలోపు ఒక్కసారి నా చేత్తో కడుగుతాను, వద్దనకు. ఫెర్రీ దిగాక అనీసియా తమ్ముడు కారులో తీసుకొస్తానన్నాడు.

ఆగస్టు పన్నెండు, మంగళవారం, నీ మంచం దగ్గరుంటాను.

అమ్మ